క్రీస్తు దైవత్వంపై ఒంగోలులో శనివారపు బైబిలు తరగతులు

ఒంగోలులోని ఒక సంఘం శనివారం సాయంత్రాల్లో నడిపే బైబిలు తరగతుల్లో ‘మెస్సీయ దైవత్వం’ అన్న పాఠ్యక్రమం ఈమధ్యే ముగిసింది. రుసుమేమీ లేదు, నోట్సు పుస్తకానికి అచ్చు ఖర్చు ఇచ్చుకుంటే చాలు. ముందే నమ్మి వచ్చినవారి చేత మరికొన్ని వచనాలు వల్లె వేయించి పంపే తరగతులు మన ప్రాంతంలో చాలానే ఉన్నాయి. ఇది ఆ దారి పట్టలేదు.

మెస్సీయ, అంటే అభిషిక్తుడు, అన్న బిరుదు ఒక్కటే దైవత్వానికి రుజువు కాదని పాఠాలు చెప్పిన అయ్యగారు మొదటి పాఠంలోనే చెప్పేశారు. దావీదు అభిషిక్తుడే, అన్యుడైన పారసీక రాజు కోరెషును సైతం యెషయా 45:1 దేవుని అభిషిక్తుడిగానే పేర్కొంటుంది, యేసు కాలపు యూదుల్లో చాలామంది దావీదు వంశపు రాజు కోసం ఎదురుచూశారే కాని, దేవుడే శరీరధారిగా వస్తాడని అనుకోలేదు. ముందు వరుసలోని పెద్దలకు ఈ మాట రుచించినట్టు లేదు. అయితే ఆ సంగతి తేల్చుకున్నాకే, పక్షవాయువు గలవాని పాపాలను యేసు క్షమించినప్పుడు, క్షమించడం దేవునికే చెల్లునన్న ధర్మశాస్త్ర పండితులైన శాస్త్రులు దేవదూషణ అని ఎందుకు తలచారో, దానియేలు 7వ అధ్యాయంలో మేఘాలతో వచ్చే మనుష్యకుమారుణ్ణి, దేవుని కుడిపార్శ్వాన కూర్చునేవాణ్ణి గూర్చిన 110వ కీర్తనతో కలిపి యేసు తనకు అన్వయించుకున్నప్పుడు ప్రధాన యాజకుడు బట్టలు ఎందుకు చింపుకున్నాడో స్పష్టమైంది.

అన్నిటిలోకి నైసియా సభ మీది పాఠం గట్టిది. కాన్‌స్టంటైన్ చక్రవర్తి 325లో బిషప్పులను పిలిపించి, ఓటు వేయించి యేసును దేవుణ్ణి చేశాడన్న ప్రచారం మన కాలేజీ కుర్రాళ్ల ఫోన్లలో కూడా తిరుగుతోంది. ఆ సభలో, అలెగ్జాండ్రియా సంఘపు పెద్ద ఆరియస్ పక్షం సైతం క్రీస్తును మామూలు మనిషి అనలేదనీ, సృష్టికి ముందే తండ్రి సృజించిన మహోన్నతుడు అన్నదనీ, అసలు తగువు ఆయన సృష్టించబడ్డాడా, తండ్రితో ఏకతత్వం గలవాడా అన్నదేననీ అయ్యగారు ఓపికగా విడమరిచారు. క్రీస్తు దేవుని స్వరూపం కలిగినవాడని పలికే ఫిలిప్పీ పత్రిక 2వ అధ్యాయంలోని స్తుతి ఆ సభకు రెండున్నర శతాబ్దాలకు పైగా ముందుది. సుమారు 112లో బితూనియ ప్రాంతపు రోమా అధిపతి ప్లినీ, క్రైస్తవులు తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవుడిగా ఎంచి పాడుతున్నారని చక్రవర్తి ట్రాజన్‌కు రాశాడు. నైసియా ఊరు ఆ బితూనియలోదే కావడం విశేషం, ఈ మాట మాత్రం తరగతిలో రాలేదు.

1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు బాప్తిస్మం పొందిన 2,222 మందిని అయ్యగారు గుర్తు చేసినప్పుడు, మన బాప్టిస్టు సభల్లో ఎప్పుడూ వినే గర్వపు మాటే అనుకున్నాను. ఆయన దాన్ని మత్తయి 28:19కి తీసుకుపోయి, తండ్రి పేరు పక్కన కుమారుని పేరు చేర్చి బాప్తిస్మమిచ్చే సంఘం ఆయన్ని సృష్టిలో ఒకడిగా ఎలా ఎంచగలదని అడిగారు. సరిగ్గా ఇదే ప్రశ్న ఆనాడు ఆరియస్ వాదులకు అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ వేశాడు.

చివరి పాఠం దగ్గరే నాకు అసంతృప్తి మిగిలింది. ఆ దినమును గూర్చి కుమారుడూ ఎరుగడన్న మార్కు 13:32నూ, తండ్రి నాకంటే గొప్పవాడన్న యోహాను 14:28నూ దాచకుండా బల్ల మీద పెట్టడం మెచ్చదగినదే. కాని వాటికి సంఘం ఇచ్చిన జవాబు ప్రధానంగా 451 నాటి కల్కెదోను బిషప్పుల సభ తీర్మానంలో ఉంది: ఒకే వ్యక్తి, సంపూర్ణ దైవత్వం, సంపూర్ణ మానవత్వం, ఆ రెండూ కలగాపులగం కావు, విడిపోవు. అంతటి తీర్మానాన్ని ముగింపు ప్రార్థనకు ముందు హడావుడిగా చదివేసి వదిలారు. దాన్ని ఒప్పుకోని సిరియా, కాప్టిక్ సంఘాలు నేటికీ ఉన్నాయన్న సంగతే ఎత్తలేదు. ప్రశ్నలడగబోయిన యువకుల్ని టైమైందని కూర్చోబెట్టారు.

నోట్సులో వచన సంఖ్యల అచ్చుతప్పులు ఉన్నాయి కనుక బైబిలు దగ్గర పెట్టుకునే చదవాలి. సంఘం నమ్మేదాన్ని కొద్ది వాక్యాల్లో చెప్పే విశ్వాస ప్రమాణాన్ని ఆరాధనలో పలుకుతూ పెరిగిన లూథరన్, కథోలిక విశ్వాసులకు ఈ తరగతులు తాము పలికే ప్రతి వాక్యం వెనుక ఉన్న వివాదాన్ని చూపిస్తాయి. పలికే అలవాటు అంతగా లేని మన బాప్టిస్టులకు ఇంకా ఎక్కువ అవసరం. తర్వాతి విడతలో కల్కెదోనుకు పూర్తిగా ఒక శనివారం కేటాయిస్తే నేను మళ్లీ పేరు రాయించుకుంటాను.