సోలార్ వాటర్ హీటర్: గ్లాసు ట్యూబులా, ఫ్లాట్ ప్లేటా?

కార్తీక మాసం వచ్చి, తెల్లవారుజామున చన్నీళ్లకు ఒళ్లు జివ్వుమనడం మొదలవగానే నాకు ఫోన్లు వస్తాయి. "మీ డాబా మీద సోలార్ ఉంది కదా, మమ్మల్ని ట్యూబులది పెట్టించుకోమంటారా, ప్లేటుదా?" అని. బంధువులు, పక్కవీధి వాళ్లు, మా అబ్బాయి స్నేహితుల తల్లిదండ్రులు, అందరూ అడిగేది ఇదే. నేను తిరిగి ఒకటే అడుగుతాను: మీ ట్యాంకులోకి ఎక్కేవి కృష్ణ నీళ్లా, బోరు నీళ్లా?

విజయవాడలోనైనా గుంటూరులోనైనా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. కంపెనీ, ధర, గ్యారంటీ తర్వాత చూసుకోవచ్చు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం గుంటూరులో మా అత్తగారిల్లు.

ఆ ఇల్లు గోరంట్ల వైపు. బోరు నీళ్లే ఆధారం. పప్పు ఓ పట్టాన ఉడకదు, సబ్బు నురగ రాదు. అక్కడ ఫ్లాట్ ప్లేటు పెట్టించాం. లోపల రాగి గొట్టాలు, పైన దళసరి గాజు. ఇరవై ఏళ్లు చూసుకోనక్కర్లేదని చెప్పి బిగించి వెళ్లారు. నీళ్లు ఎలాంటివని మాత్రం ఒక్కరూ అడగలేదు. రెండు చలికాలాలు బాగా గడిచాయి. మూడో ఏడు ప్లేటు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది, బాత్రూంలో మాత్రం గోరువెచ్చటి నీళ్లే వస్తున్నాయి. ప్లంబర్ జాయింటు విప్పి చూపిస్తే రాగి గొట్టం నిండా తెల్లటి గార. పెన్సిలు దూరే సందు కూడా లేదు.

ఈ హీటర్లలో నీళ్లు తిప్పడానికి మోటారు ఉండదు. వేడెక్కిన నీళ్లు తేలికై పైనున్న ట్యాంకులోకి ఎక్కుతాయి, చల్లవి కిందికి దిగుతాయి. సన్నటి గొట్టంలో దారి మూసుకుంటే ఆ తిరగడం ఆగిపోతుంది. ఎండ ఎంత కాసినా వేడి ప్లేటు దగ్గరే ఉండిపోతుంది. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేటు వేడికి విడిపోయి, సున్నంలా గొట్టం గోడకు అంటుకుంటుంది. నీళ్లు ఎంత కాగితే అంత ఎక్కువ గార. మన ఎండల సంగతి తెలిసిందే. యాసిడ్‌తో కడిగించాం. ఒక ఏడాది పనిచేసి, అతుకుల దగ్గర కారడం మొదలుపెట్టింది. అంత ఖర్చు పెట్టించాక మా అత్తయ్య మళ్లీ బకెట్లో హీటరు రాడ్డు పెట్టుకుంటుంటే చూడలేకపోయాను.

ట్యూబుల్లో గార పట్టదా అంటే, పడుతుంది. కానీ ఆ గొట్టం వెడల్పు. మా ఇంట్లో ఉన్నవి 58 మిల్లీమీటర్లవి. నీళ్లు నేరుగా ఆ గాజు గొట్టంలోనే కాగుతాయి, రాలిన గార అడుగున చేరుతుంది. అంత వెడల్పు గొట్టం మూసుకుపోవడానికి చాలా కాలం పడుతుంది. పైగా ఊడదీసి కడగొచ్చు. కానూరులో మాదీ బోరే. ఏడాదికోసారి ప్లంబర్ ట్యూబులు తీస్తే ఒక్కోదాంట్లోంచి గుప్పెడు తెల్లపొడి వస్తుంది. కడిగి మళ్లీ బిగిస్తాడు. నాలుగేళ్లయింది, నీళ్లు మొదట్లో ఎలా కాగేవో ఇప్పుడూ అలాగే కాగుతున్నాయి. ఒక ట్యూబు పగిలింది, అది ఒక్కటే మార్పించాం. అయితే ఒక్కటి పగిలినా ట్యాంకులో నీళ్లన్నీ కారిపోతాయి. ఆ ఇబ్బంది ప్లేటుకు లేదు.

కృష్ణ నీళ్లు వచ్చే ఇల్లయితే నేను ప్లేటే పెట్టించుకోమంటాను. సత్యనారాయణపురంలో మా అన్నయ్య ఇంట్లో తొమ్మిదేళ్లుగా ఉంది, కోతులు దాని మీద గెంతినా గాజు చెదరలేదు. ఖరీదు ట్యూబుల కంటే ఎక్కువే, కానీ మంచి నీళ్లుంటే ఆ డబ్బు దండగ కాదు. ఒక్క జాగ్రత్త: వేసవిలో కార్పొరేషన్ నీళ్లు చాలక అదే ట్యాంకులోకి బోరు వేస్తుంటే మీది బోరు ఇల్లే అనుకోండి.

ఆర్‌ఓ మెకానిక్ దగ్గరుండే టీడీఎస్ మీటరు చూసి నిర్ణయించుకోవద్దు. అది కరిగిన లవణాలన్నీ కలిపి చూపిస్తుంది. మనకు కావాల్సింది కాఠిన్యం, అంటే గార కట్టించే కాల్షియం, మెగ్నీషియం లెక్క. నీళ్ల పరీక్షలో అది విడిగా అడిగి రాయించుకోండి. తాగునీటి ప్రమాణాల్లో లీటరుకు 200 మిల్లీగ్రాములు మంచిది, వేరే నీళ్లు లేకపోతే 600 దాకా పర్వాలేదంటారు. నేనైతే 200 దాటితే మామూలు ప్లేటు జోలికి వెళ్లను. హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉన్న ప్లేట్లు, అంటే మన నీళ్లు ప్లేటు గొట్టాల్లోకి వెళ్లకుండా వేరే ద్రవంతో వేడి అందించేవి, ఇలాంటి నీళ్లకు తట్టుకుంటాయి, ధర ఇంకా పెరుగుతుంది.

అసలు సోలార్ హీటరే అక్కర్లేని ఇళ్లూ ఉన్నాయి. 150 లీటర్లను 25 డిగ్రీల నుంచి 45కు తేవడానికి సుమారు మూడున్నర యూనిట్ల కరెంటు కావాలి. యూనిట్ ఆరు రూపాయలు వేసుకుంటే రోజుకు 21. మనకు వేన్నీళ్లు తప్పనిసరయ్యేది నాలుగు నెలలే. మే నెలలో ట్యాంకు నీళ్లే చెయ్యి పెట్టనివ్వవు. అంటే ఏడాదికి 2,500 చిల్లర. మీకిచ్చిన కొటేషన్‌ను ఈ అంకెతో భాగించి చూడండి, పెట్టిన డబ్బు ఎన్నేళ్లకు తిరిగొస్తుందో తెలుస్తుంది. ఇద్దరే ఉంటే గీజరు చాలు. డాబా చిన్నదైతే ముందు కరెంటు ప్యానెళ్లు పెట్టుకోవడం మేలు. అవి పన్నెండు నెలలూ పనికొస్తాయి, కేంద్రం పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. గాలిలోని వేడిని లాగి నీళ్లు కాచే హీట్ పంపు మామూలు ఇంటికి అవసరానికి మించిందే. గ్యాస్ గీజరు మాత్రం మూసి ఉన్న బాత్రూంలో వద్దే వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణం మీదికి వస్తుంది.

ట్యూబులే అనుకుంటే, ఎండ లేని రోజులకు ట్యాంకులో కరెంటు కాయిల్ ఉన్నది తీసుకోండి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఆ కాయిలే మమ్మల్ని ఆదుకుంది. చన్నీళ్ల ట్యాంకు సోలార్ ట్యాంకు కంటే ఎత్తులో ఉండాలి. ఎండలో వేడెక్కిన ఖాళీ ట్యూబుల్లోకి నీళ్లు వదిలితే గాజు పగులుతుంది. అందుకే కడిగాక తెల్లవారకముందే నింపించండి. వేన్నీళ్లు అక్కర్లేని నెలల్లో నీళ్లు ఊరికే కాగి గార పెరగకుండా, మార్చి చివర్లో ట్యూబుల మీద గోనెసంచులు కప్పి, దీపావళికి తీసేయండి.