గ్రాంటు వచ్చింది, పెత్తనం ఎవరిది?

1960లలో అమెరికాలోని దాతృత్వ సంస్థ ఫోర్డ్ ఫౌండేషన్, నగరాల్లోని పేద వాడల బాగు కోసం పెట్టిన ‘గ్రే ఏరియాస్’ పథకం కింద న్యూ హేవెన్ నగరానికి గ్రాంటు ఇచ్చింది. నిపుణులు వచ్చారు, పనులు వేగంగా మొదలయ్యాయి. నిర్ణయాలలో మాత్రం పేద నల్లజాతి వాడల మాట చెల్లలేదు. 1967లో అక్కడ అల్లర్లు చెలరేగాయి.

అమెరికాలోనే బాస్టన్ నగరంలోని పేద వాడ డడ్లీ స్ట్రీట్‌ది వేరే దారి. 1980ల మధ్యలో రైలీ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ అండతో, వాడ బాగు కోసం ఒక సంస్థ పెట్టాలన్న తొలి ప్రతిపాదనలో స్థానికులకు దాని బోర్డులో కొద్ది స్థానాలే. వారు నిలదీశారు, పెత్తనం సాధించుకున్నారు. నల్లజాతి, కేప్ వెర్డియన్ (ఆఫ్రికా పశ్చిమ తీరపు కేప్ వెర్డె దీవుల మూలాలున్నవారు), లాటినో, శ్వేతజాతి వర్గాలకు జనాభాతో నిమిత్తం లేకుండా సమాన స్థానాలు! ఇంత న్యాయమైన పంపకం అరుదు. 1988లో ఖాళీ స్థలాలను సేకరించే అధికారాన్నీ నగరం వారికే ఇచ్చింది. నేల వాడ ఉమ్మడి ట్రస్టుది, దాన్ని అమ్మరు కాబట్టి అక్కడి ఇళ్లు సామాన్యులకు అందుతున్నాయి. చర్చలకు ఏళ్లు పట్టినా నేను దీనివైపే.