రేకుల షెడ్డులో ఆరేళ్ల ఎపాక్సీ వాడకం: నా అనుభవం

హైదరాబాద్‌లోని కుషాయిగూడలో మాది చిన్న వడ్రంగి షెడ్డు. పైన సిమెంటు రేకులు, మూడు వైపులా ఇటుక గోడ, ముందు షట్టర్. మామిడి, తుమ్మ పలకల్లో పగుళ్లు పూడ్చి బల్లలు చేయడానికి ఆరేళ్లుగా ఎపాక్సీ వాడుతున్నాను. రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ అని ఇది రెండు ద్రవాలుగా వస్తుంది, రెండూ కలిపితే గట్టిపడుతుంది. మూడు కంపెనీల సరుకు మార్చి చూశాను. కంపెనీకీ కంపెనీకీ నాకు పెద్ద తేడా కనిపించలేదు. ఒకే సరుకు మేలో ఒకలా, డిసెంబరులో మరోలా పనిచేయడం మాత్రం బాగా కనిపించింది. అందుకే పేర్లు పక్కన పెట్టి, దాన్ని ఎలా దాచానో, ఏ వేడిలో కలిపానో అదే రాస్తున్నాను.

మొదటి చలికాలంలో ఒక ఉదయం డబ్బా మూత తీస్తే రెసిన్ అడుగున పేరుకున్న నెయ్యిలా తెల్లగా, రవ్వరవ్వగా ఉంది. అమ్మిన దుకాణంలో చూపిస్తే పాడైంది, పారేయమన్నారు. ఐదు కిలోలు పారేశాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది, ఎందుకంటే అది పాడవలేదు. రాత్రి చలి, పగలు వెచ్చదనం మారి మారి తగిలితే మంచి రెసిన్ కూడా అలా గడ్డకడుతుంది. మూత కొంచెం వదులు చేసి, లోపలికి నీళ్లు పోకుండా డబ్బాను 50 డిగ్రీల వేడినీళ్లలో నిలబెడితే మళ్లీ తేటపడుతుంది. ఒక్క రవ్వ కూడా మిగలకూడదు, మిగిలితే దాని చుట్టూ మళ్లీ పేరుకుంటుంది. కరిగాక పూర్తిగా చల్లారనిచ్చి, ఆ తర్వాతే హార్డెనర్ కలపాలి.

మరుసటి ఏడు షెడ్డులో బొగ్గుల కుంపటి పెట్టాను. అది పెద్ద పొరపాటు. మూసిన షెడ్డులో బొగ్గు పొగ ప్రాణానికే ప్రమాదం. పైగా మండేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్, గాలిలోని తేమ కలిసి హార్డెనర్ మీద పనిచేస్తాయి. బల్ల ఆరాక పైన జిడ్డు పొర తేలింది. వానాకాలంలో కూడా ఇదే జిడ్డు వస్తుంది. దాన్ని ముందే సాండ్‌పేపర్‌తో రుద్దితే ఇంకా లోపలికి పులుముకుంటుంది. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే పీచుతో కడిగి, బాగా ఆరాక రుద్దాలి. హార్డెనర్ మూత పని అవగానే బిగించాలి, లేకపోతే మూతి దగ్గర తెల్లటి పెచ్చు కడుతుంది.

కుంపటి తీసేశాక పాడైన పాత ఫ్రిజ్ ఒకటి తెచ్చి, అందులో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు, కోడిగుడ్లు పొదిగించే పెట్టెల్లో వాడే చిన్న థర్మోస్టాట్ పెట్టాను. బల్బుకు డబ్బాలు తగలకుండా జాలీ అడ్డం ఉంది. చలికాలంలో లోపల ఎప్పుడూ 25 డిగ్రీలు. నాలుగు చలికాలాలు గడిచాయి, ఒక్క డబ్బా గడ్డకట్టలేదు. షెడ్డంతా వెచ్చగా ఉంచడానికి అయ్యే కరెంటుతో పోలిస్తే ఈ ఖర్చు చాలా తక్కువ. నా అనుభవంలో అన్నిటికన్నా పనికొచ్చిన వస్తువు ఇదే.

ఎండాకాలం నిల్వకు అంత టెన్షన్ లేదు, హార్డెనర్ కాస్త పసుపెక్కుతుంది అంతే. చిక్కంతా కలిపాకే. వేడి 10 డిగ్రీలు పెరిగితే గట్టిపడే వేగం దాదాపు రెట్టింపవుతుంది. ఒక మే నెల మధ్యాహ్నం అర కిలో కలిపి, ఫోన్ వస్తే మగ్గులోనే వదిలాను. తిరిగి వచ్చేసరికి పొగలు, ప్లాస్టిక్ మగ్గు మెత్తబడి ఒరిగిపోయింది. ఒకేచోట ఎక్కువ రెసిన్ ఉంటే దాని వేడే దాన్ని ఇంకా వేడెక్కిస్తుంది. ఇప్పుడు కలపగానే వెడల్పు ట్రేలో పోస్తాను, వేసవికి స్లో హార్డెనర్ కొంటాను, రాత్రి తొమ్మిది దాటాకే పోత మొదలుపెడతాను. ఉదయం పోస్తే ఎండ ఎక్కేకొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి బుడగలుగా పైకొస్తుంది. రాత్రి చెక్క చల్లబడుతూ రెసిన్‌ను లోపలికి పీల్చుకుంటుంది.

చలికాలంలో కూడా త్వరగా ఆరుతుందని మా కుర్రాడు ఒకసారి హార్డెనర్ ఎక్కువ పోశాడు. ఆ బల్ల ఎప్పటికీ సరిగ్గా గట్టిపడలేదు, మొత్తం గీకేయాల్సి వచ్చింది. కొలతతో ఆడకూడదు. కంపెనీ చెప్పింది తూకం నిష్పత్తా, పరిమాణం నిష్పత్తా అన్నది కూడా చూడాలి, రెండూ ఒకటి కావు.

ఎపాక్సీకి ఒక లోపం ఉంది, కొనేవారికి ముందే చెబుతాను. మామూలు గది వేడిలో ఆరిన రెసిన్ 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. పొగలు కక్కే టీ గ్లాసు నేరుగా పెడితే గుండ్రటి మచ్చ పడవచ్చు. మేడ మీద ఎండలో పెట్టుకునే బల్లకు నేను ఎపాక్సీ వాడను.

చివరిగా చేతుల సంగతి. నైట్రైల్ గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు, చర్మానికి అంటితే థిన్నర్‌తో కాకుండా సబ్బుతో కడగండి. మా మేస్త్రీ రెండేళ్లు వట్టి చేతులతో పనిచేశారు. ఒకరోజు మోచేతుల దాకా దద్దుర్లు లేచాయి. ఒకసారి అలా పడకపోతే తర్వాత కొంచెం తగిలినా మళ్లీ వస్తుంది. ఇప్పుడు ఆయన కోత, చిత్రిక పని వరకే చూస్తారు. రెసిన్ కలిపే రోజు షెడ్డులోకి రారు.