పట్టుచీరల షోకేసుకి 20 వాట్ల ట్రాక్ లైటు: పెట్టొచ్చా?

పట్టీకి బిగించి కావాల్సిన వైపు తిప్పుకునే లైటిది: 24 డిగ్రీల బీమ్ (వెలుగు పరుచుకునే కోణం), 3000 కెల్విన్ (పసుపు ఛాయ వెలుగు), సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో వందకి చెప్పే అంకె) 90. పట్టుకి సరిగ్గా కావాల్సింది ఇదే. జరీ నిగ్గు తేలుతుంది, మెరూన్‌కీ వంకాయ రంగుకీ తేడా రోడ్డు మీది నుంచే తెలుస్తుంది. సీఆర్ఐ 80 లైటు కింద ఎరుపులు వెలిసినట్టుంటాయి. బయటికెళ్లాక రంగు వేరేలా ఉందని గొడవలు వచ్చేది అందుకే.

బిగింపులోనే ఉంది అసలు సంగతి. పదడుగుల సీలింగైతే చీర కట్టిన బొమ్మకి మూడడుగులు ముందు, అద్దం వైపు బిగించి 30 డిగ్రీలు లోపలికి వంచాలి. నడినెత్తిన పెట్టారా, భుజం మీద పైట ఒక్కటే మెరిసి కుచ్చిళ్లు చీకట్లో పడతాయి. పక్కనే తెల్ల ట్యూబులు వెలిగిస్తే పెట్టిన డబ్బు దండగ.

లోపమల్లా డ్రైవరే (లైటుకి కరెంటు సరిచేసి ఇచ్చే పెట్టె): గాలాడకపోతే అది వేడెక్కి లైటు మినుకుమంటుంది. తెలుపు, నీలం కాటన్ చీరలకి మాత్రం ఇంకాస్త తెల్లటి వెలుగిచ్చే 4000 కెల్విన్‌ది అడగండి.