"పైథాన్ సపోర్ట్ ఉంది అన్నా" అనగానే డబ్బు కట్టకండి

బెంగళూరులో డేటా లాగర్ (సెన్సర్ల రీడింగులు వరసగా నమోదు చేసే పరికరం) కొని పైథాన్‌తో నడుపుదామనుకునేవాళ్లకి ఈ మాట. రెండు నెలల కిందట ఎస్పీ రోడ్డులో ఒక షాపులో 8 ఛానళ్ల టెంపరేచర్ లాగర్ కొన్నాను. 18,000 రూపాయలు, జీఎస్టీ అదనం. పీణ్యలో మా బావకి చిన్న కోల్డ్ స్టోరేజీ ఉంది, దానికోసం. షాపు పేరు రాయను. కౌంటర్‌లో కుర్రాడిది అనంతపురం. నా యాస వినగానే "అన్నా, పైథాన్ సపోర్ట్ ఫుల్‌గా ఉంది, కళ్లు మూసుకుని తీసుకో" అన్నాడు. నేను నిజంగానే మూసుకున్నాను.

ఇంటికొచ్చి చూస్తే ఆ సపోర్ట్ అంటే సీ అనే వేరే ప్రోగ్రామింగ్ భాషలో రాసి కంపైల్ చేసిన ఒక లైబ్రరీ ఫైలు, అందులో ఏముందో చెప్పే ఒక హెడర్ ఫైలు. పైథాన్ ఫైలు ఒక్కటీ లేదు. సరే, సీ లైబ్రరీలని పైథాన్ నుంచి వాడుకోనిచ్చే సీటైప్స్ 2006 నుంచి పైథాన్‌తోనే వస్తోంది కదా, దాంతో కానిచ్చేద్దాం అనుకున్నాను.

హెడర్ ప్రకారం ఒక రీడింగ్ స్ట్రక్ట్‌లో (ఒక రీడింగ్ వివరాలన్నీ వరసగా ఉండే మెమరీ ముక్కలో) ముందు 1 బైటు ఛానల్ నంబరు, తర్వాత 8 బైట్ల డబుల్‌గా (దశాంశ సంఖ్యగా) ఉష్ణోగ్రత, ఆ తర్వాత 4 బైట్ల టైము. అదే వరసలో పైథాన్‌లో రాశాను. మొదటి ఛానల్ నంబరు సరిగ్గా వచ్చింది. ఉష్ణోగ్రత మాత్రం మైనస్ గుర్తు, దాని వెనకాల అరవై పైచిలుకు అంకెలు! రెండో రీడింగ్‌లో ఛానల్ నంబరూ తప్పే. రెండు రాత్రులు వైర్లు మార్చాను, సెన్సర్లు మార్చాను. మా బావ అయితే కంప్రెసర్ మెకానిక్‌ని కూడా పిలిపించాడు పాపం.

చివరికి బైట్లను ఉన్నవి ఉన్నట్టు ప్రింట్ చేసి చూస్తే 1, 2, 3 అనే ఛానల్ నంబర్లు సరిగ్గా 13 బైట్లకోసారి కనిపించాయి. మామూలుగా కంపైలర్ డబుల్‌కి ముందు 7 బైట్లు, స్ట్రక్ట్ చివర ఇంకో 4 ఖాళీగా వదిలేస్తుంది, మొత్తం 24. సీటైప్స్ లెక్కా అదే. వీళ్లు ఖాళీల్లేకుండా ప్యాక్ చేసి కంపైల్ చేశారు, ఆ ప్యాక్ లైను మాత్రం మనకిచ్చిన హెడర్‌లో లేదు. పైథాన్‌లో ఆ స్ట్రక్ట్ కోసం రాసిన క్లాసులో ప్యాక్ విలువ 1, అంటే ఖాళీలు వద్దు, అని పెట్టగానే 4.2 డిగ్రీలు అని బుద్ధిగా వచ్చింది.

ఇంతకంటే ఘోరం ఇంకోటుంది. వేగంగా ఉంటుందని, కాపీ చెయ్యకుండా లైబ్రరీ ఇచ్చిన మెమరీ మీదే నంపై అర్రే (పైథాన్‌లో అంకెల పట్టిక) పెట్టుకున్నాను. తెల్లారి చూస్తే రాత్రంతా పోగైన రీడింగులన్నీ ఒకటే. లైబ్రరీ ప్రతిసారీ అదే బఫర్ (మెమరీలో అదే చోటు) ఇచ్చి, పాతదాని మీదే కొత్తది రాసేస్తోంది. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ ఆగదు. రాత్రి మధ్యలో కూలింగ్ పోయి ఉంటే మాకు తెలిసేదే కాదు. మాన్యువల్‌లో దీని గురించి ఒక్క ముక్క లేదు.

నా తప్పూ ఒకటుంది. పాయింటర్ (మెమరీ అడ్రస్) ఇచ్చే ఫంక్షన్‌కి రిటర్న్ టైపు చెప్పకపోతే సీటైప్స్ దాన్ని ఇంట్ (32 బిట్ల పూర్ణాంకం) అనుకుని 64 బిట్ల అడ్రస్‌లో సగం కోసేస్తుంది. అలా రెండుసార్లు క్రాష్ అయింది. దానికి షాపువాళ్లని అనను.

మీరు కొనేముందు ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి కౌంటర్ మీదే పైథాన్‌లో వరసగా రెండు రీడింగులు తీయించండి. రెండోది తీశాక మొదటిది మారిందేమో చూడండి. స్ట్రక్ట్ సైజు ఎంతో లైబ్రరీయే చెప్పే ఫంక్షన్ ఉంటే సీటైప్స్ సైజుతో పోల్చుకోండి. ఇచ్చిన మెమరీ ఎప్పటిదాకా చెల్లుతుందో, పని అయ్యాక దాన్ని ఎవరు ఫ్రీ చెయ్యాలో (ఖాళీ చెయ్యాలో) కాగితం మీద రాయించుకోండి. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడపాలంటే దాని ఏఆర్ఎం ప్రాసెసర్‌కి తగ్గ లైబ్రరీ ఫైలు వేరేగా కావాలి, నాకిచ్చింది అక్కడ లోడే అవ్వలేదు.

వెళ్లి అడిగితే అదే కుర్రాడు "సీలో బానే ఉందన్నా, ప్రాబ్లం నీ పైథాన్‌దే" అన్నాడు. బాక్సు ఓపెన్ చేశాక వాపసు లేదట. బిల్లు తీసి చూపిద్దామంటే అందులో పైథాన్ అన్న మాటే లేదు. సరైన హెడర్ మెయిల్ చేస్తామన్నారు. మూడు వారాలైంది.