పవర్ స్టీరింగ్ కూలర్ ఆన్‌లైన్‌లో కొంటున్నారా? బిగించక ముందే గొట్టం చివర తడిమి చూడండి

ఆన్‌లైన్‌లో 34 డాలర్లకు కొన్న పవర్ స్టీరింగ్ కూలర్ బిగించిన 19వ రోజున, నడిరోడ్డు మీద దానికి తగిలించిన రబ్బరు గొట్టం (హోసు) ఊడిపోయింది. వెనుక సీట్లో మా అమ్మాయి ఉంది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సరుకు మాత్రం ఇంకా అమ్ముడవుతూనే ఉంది. బండి పనులు ఇంట్లోనే చేసుకునేవారు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను.

మేముండేది మిషిగన్‌లో. ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద చల్లే ఉప్పు బండి అడుగున ఉన్న ఇనుమునంతా తినేస్తుంది. మాది 2011 మోడల్. గ్యారేజీలో పరిచిన అట్ట మీద, సరిగ్గా రేడియేటర్ కింద ఎర్రటి చుక్కలు కనిపించాయి. తుడిచి చూస్తే, కూలర్ గొట్టాన్ని పట్టి ఉంచే బ్రాకెట్ దగ్గర తుప్పు పట్టి నూనె ఊరుతోంది. స్టీరింగ్ నుంచి వేడిగా తిరిగివచ్చే నూనె మళ్లీ స్టీరింగ్ నూనె నిలవుండే డబ్బాలోకి చేరేలోపు చల్లబడేది ఈ వంకీ గొట్టంలోనే. షాపువారు 420 డాలర్లు అడిగారు. రెండు బోల్టులు, రెండు హోసులు, పైగా ఒత్తిడి తక్కువగా ఉండే రిటర్న్ వైపు పని. బ్రేకులు కూడా నేనే మార్చుకుంటాను కదా అని కూలర్ తెప్పించుకున్నాను.

అసలు లోపం గొట్టం చివర ఉంది. పాత కూలర్ గొట్టానికి చివర చెరకు కణుపులా చుట్టూ ఒక ఉబ్బు ఉంటుంది. హోసు దాన్ని దాటి లోపలికి ఎక్కాక, హోసును బిగించే పట్టీ (క్లాంపు) ఆ ఉబ్బు వెనుక పడుతుంది. అందుకే హోసు జారిపోదు. కొత్తదానికి ఆ కణుపే లేదు, రంపంతో కోసినట్టు నున్నగా ఉంది. నేను చూశాను. చూసి కూడా, క్లాంపు మరో రెండు చుట్లు బిగిస్తే చాలనుకున్నాను. అక్కడే పనిని ఆపేసి ఉండాల్సింది.

రెండో లోపం, పెట్టెలో దాంతోపాటు వచ్చిన హోసు. దాని మీద ఒక్క అక్షరం ముద్ర లేదు. నీళ్లకు, కూలెంట్‌కు వాడే రబ్బరుకూ నూనెకూ పడదు. నూనె తగిలితే ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఊడిపోయిన హోసును తరువాత కోసి చూశాను. కొత్తలో గట్టిగా ఉన్న గోడ నానబెట్టిన శనగగింజలా ఉబ్బి ఉంది, గోరు నొక్కితే దిగబడిపోయింది. నున్నటి గొట్టం మీద మెత్తబడిన రబ్బరును ఏ క్లాంపు పట్టి ఉంచుతుంది?

సిగ్నల్ దగ్గర ఎడమకు తిప్పుతుండగా స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కింది. పంపు నుంచి కీచుమనే మూలుగు, వెంటనే కాలిన నూనె వాసన, బానెట్ సందుల్లోంచి పొగ. ఆ నూనె వేడి ఎగ్జాస్ట్ మీద పడితే మంట అంటుకునే ప్రమాదం కూడా ఉంది. మీకు ఎప్పుడైనా ఇలా జరిగితే కంగారు పడకండి. స్టీరింగ్ పూర్తిగా పట్టేయదు, రెండు చేతులతో బలంగా తిప్పితే తిరుగుతుంది. పక్కకు తీసి, వెంటనే ఇంజిన్ ఆపి, దిగి దూరంగా నిలబడండి. పంపుకు కందెన కూడా ఆ నూనే. అది లేకుండా కొద్దిసేపు తిరిగినందుకే మా పంపు అరిగిపోయి, దానికి మరో 165 డాలర్లు అయ్యాయి.

అమ్మినవారికి ఫొటోలన్నీ పంపాను. బిగించిన వస్తువును వాపసు తీసుకోము అన్నారు. గట్టిగా అడిగితే, లైసెన్సు ఉన్న మెకానిక్ బిగించినట్టు రసీదు పంపమన్నారు. కొనేటప్పుడు పెద్ద అక్షరాలతో ‘ఇంట్లోనే సులువుగా బిగించుకోవచ్చు’ అని రాసింది వారే! ఇప్పుడు కార్డు బ్యాంకుకు ఫిర్యాదు చేశాను.

కాబట్టి పెట్టె విప్పగానే గొట్టం చివర వేలితో తడమండి. కణుపు తగలకపోతే బిగించకుండా, మరక పడకుండా అలాగే తిరిగి పంపేయండి. తెల్లగుడ్డ మీద పెట్టి గొట్టంలోకి ఊదండి. నాదాంట్లోంచి మెరిసే అల్యూమినియం రజను రాలింది. అది పంపులోకి వెళితే ఇక అంతే. హోసు మాత్రం పెట్టెలోది వాడకండి. పవర్ స్టీరింగ్ రిటర్న్ హోసు అని, ఆ హోసుల ప్రమాణమైన ఎస్‌ఏఈ జే189 (SAE J189) అని ముద్ర ఉన్నదాన్ని దగ్గరి విడిభాగాల దుకాణంలో అడుగుల లెక్కన కొనుక్కోండి. లోపలి వ్యాసం పాతదాన్ని కొలిచి తీసుకోండి. నూనె ఏదన్నది డబ్బా మూత మీదే రాసి ఉంటుంది, దొరికిందల్లా పోయకండి.

బిగించాక నూనెలో చేరిన గాలి తీయడానికి తొందరపడవద్దు. ముందరి చక్రాలను పైకి లేపి స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకు దూరవద్దు. ఇంజిన్ ఆపి ఉంచి స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా ఇరవైసార్లు తిప్పండి, డబ్బాలో బుడగలు ఆగేదాకా నూనె పోస్తూ ఉండండి. ఆ తరువాతే స్టార్ట్ చేయండి. నూనె మజ్జిగలా నురగ కడితే ఇంకా గాలి ఉన్నట్టే.

హైదరాబాద్, విజయవాడల్లో ఉన్నవారికి ఒక మాట. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి ఎలక్ట్రిక్ స్టీరింగే కాబట్టి ఈ నూనె గొడవ లేదు. నూనె స్టీరింగ్ ఉన్న పాత బళ్లకు మాత్రం ఎవరైనా రేడియేటర్ హోసు ముక్క వేసి పంపిస్తామంటే ఒప్పుకోకండి.

ఇప్పటికే ఇలాంటి కూలర్ బిగించుకుని తిరుగుతున్నవారు ఈ రాత్రే ఇంజిన్ చల్లారాక కూలర్ దగ్గర హోసును రెండు వేళ్లతో నొక్కి చూడండి. మెత్తగా ఉన్నా, క్లాంపు పక్కన నూనె తడి కనిపించినా, హోసు మార్చేదాకా బండి బయటకు తీయకండి.