గుయాషా, పొర్కొల్టా? ఇంట్లో వండుకోవడానికి ఏది మేలు

మన ఇళ్లలో "ఇవాళ పులుసా, ఇగురా?" అని అడిగితే ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. హంగేరీలోనూ సరిగ్గా ఆ తేడాకే రెండు పేర్లున్నాయి. పలుచగా, లోతు పళ్లెంలో పోసుకుని చెంచాతో తాగేది గుయాష్. నీళ్లన్నీ ఇగిరి, ముక్కను పట్టుకుని దగ్గరపడేది పొర్కొల్ట్. బయటి దేశాల హోటళ్లలో 'గూలాష్' పేరుతో వడ్డించే చిక్కటి కూర చాలా మటుకు ఈ రెండోదే. ఆ సంగతి తెలియకుండా వంట మొదలుపెడితే, సగంలో నీళ్లు ఎన్ని పోయాలో అర్థంకాక ఆగిపోతాం.

హంగేరీలోని సెగెడ్ నగరంలో కాపురం పెట్టాక రెండూ చాలాసార్లు వండాను. మొదటిసారి వండేవాళ్లకు నా మాట గుయాషే. ఎందుకో చెప్తాను.

గుయా అంటే పశువుల మంద. గుయాష్ అంటే మంద కాసే మనిషి, అతను వండుకునే వంట కూడా. హోర్తొబాజ్ లాంటి మైదానాల్లో పశుల కాపర్లు బొగ్రాచ్ అనే ఇనుప పాత్రను నిప్పు మీద వేలాడదీసి వండుకున్న తిండి ఇది. పొర్కొల్ట్ పేరులో ఉన్నది మాత్రం కాల్చడం, వేయించడం. వేడి మీద అదుపు ఉన్నవాళ్లకే ఆ వంట లొంగుతుంది.

మొదటి ముప్పావు గంట రెండూ ఒకటే. నలుగురికి 700 గ్రాముల గొడ్డు మాంసం కావాలి, అదీ కాలి పిక్క దగ్గరిది. దాన్ని అక్కడ లాబ్‌సార్ అంటారు. మెత్తటి ఖరీదైన ముక్క దండగ. పిక్కలోని నరాలు, పొరలు నిదానంగా కరిగితేనే పాయా చారుకు వచ్చే జిగట వస్తుంది. ఈ వంటలో పిండి కలిపి చిక్కబరచడం ఉండదు. గొడ్డు మాంసం తిననివాళ్లు గొర్రె మాంసం వాడుకోవచ్చు, అది రాజీ పడటమేమీ కాదు. కర్త్సాగ్ పట్టణానికి పేరు వచ్చిందే గొర్రె పొర్కొల్ట్‌తో.

రెండు పెద్ద ఉల్లిపాయలు సన్నగా తరిగి, రెండు చెంచాల పంది కొవ్వులో, లేదంటే పొద్దుతిరుగుడు నూనెలో, చిన్న మంట మీద మగ్గించాలి. బిర్యానీకి వేయించినట్టు ఎర్రబడకూడదు. అద్దంలా మారి కరిగిపోయేలా ఉండాలి. ఆ తర్వాతే అసలు పరీక్ష, పాప్రికా, అంటే అక్కడి తియ్య మిరప పొడి.

నేను మొదటిసారి పొయ్యి మీదే రెండు పెద్ద చెంచాల పాప్రికా వేశాను. నాలుగు సెకన్లలో ఎర్రటి నూనె గోధుమరంగుకు తిరిగింది, తియ్యటి వాసన పోయి చేదు వాసన వచ్చింది. పై అంతస్తులో ఉండే నేని (పెద్దావిడను అక్కడ అలా పిలుస్తారు) గిన్నెలోకి చూసి, "పారబోసెయ్ అమ్మా, ఇక బాగుపడదు" అంది. మళ్లీ ఉల్లిపాయలు తరిగించి, ఈసారి గిన్నెను పొయ్యి మీంచి దింపించింది. పాప్రికా వేసి, రెండుసార్లు తిప్పి, వెంటనే అర గ్లాసు నీళ్లు పోయించింది. పాప్రికా రంగు కొవ్వులోనే దిగుతుంది కాబట్టి నూనె తగలాలి, కానీ అందులోని చక్కెర ఇట్టే మాడుతుంది కాబట్టి మంట తగలకూడదు. ఆ రెంటి మధ్య ఉన్న క్షణమే ఈ వంటకు ప్రాణం.

ఇక మాంసం, వెల్లుల్లి, ఉప్పు, ఒక చెంచా కోమేన్ గింజలు. చూడ్డానికి జీలకర్రలా ఉన్నా రుచి వేరు. మన దుకాణాల్లో దొరికేవాటిలో షాజీరా దగ్గరగా ఉంటుంది, జీలకర్ర మాత్రం వద్దు.

ఇక్కడి నుంచి దారులు వేరు. గుయాష్‌కు ఒకటిన్నర లీటరు నీళ్లు పోసి, మూతపెట్టి, చిన్న మంట మీద గంటన్నర వదిలేయొచ్చు. తర్వాత క్యారెట్లు, టమాటా, లేత పచ్చరంగు తియ్య మిరపకాయ, చివరి అరగంటలో బంగాళాదుంపలు. మంట కాస్త ఎక్కువైనా నీళ్లు కాపాడతాయి. పొర్కొల్ట్ అలా ఊరుకోదు. నీళ్లు కొంచెంగా పోయాలి, ఇగిరి నూనె తేలేదాకా ఆగాలి, మళ్లీ కొంచెం పోయాలి. రెండు గంటలపాటు ఇదే పని. ఫోన్ వచ్చిందని పక్కగదిలోకి వెళ్తే అడుగంటుతుంది. చెయ్యి తిరిగాక మాత్రం, ఆ చిక్కదనానికి గుయాష్ సాటిరాదని నేనూ ఒప్పుకుంటాను.

ప్రెషర్ కుక్కర్ సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. గుయాష్‌కు పనికొస్తుంది. మాంసం కుక్కర్‌లో ఉడికించి, మూత తీశాక దుంపలు వేసుకోవచ్చు. పొర్కొల్ట్‌కు పనికిరాదు. మూత బిగించిన కుక్కర్‌లో ఏదీ ఇగరదు, వచ్చేది ఎర్రనీళ్లలో ఉడికిన మాంసం. దానికి మందపాటి అడుగున్న గిన్నే దిక్కు.

కారం విషయంలో అసలు పోటీ లేదు. సెగెడ్‌దో, కలోచాదో తియ్య పాప్రికా, పొట్లం మీద ఏదెష్‌నెమెష్ అని ఉండేది, దొరికితే అదే కొనండి. గుంటూరు కారం రెండు పెద్ద చెంచాలు వేస్తే నోట పెట్టలేం, తగ్గించి వేస్తే రంగూ చిక్కదనమూ రావు. కాశ్మీరీ కారం రంగునిస్తుంది గానీ తియ్యదనం తక్కువ. తెలంగాణలో ఉన్నవాళ్లయితే వరంగల్ చపాటా మిరప పొడి చేయించి చూడండి. ఘాటు తక్కువ, ఎరుపు ఎక్కువ, కాబట్టి చెంచాలకొద్దీ వేసుకునే ఈ వంటకు అదే సరిపడుతుందని నా నమ్మకం.

పక్కన ఏం పెట్టుకోవాలన్నది వంటే చెబుతుంది. పొర్కొల్ట్‌కు నొకెడ్లి అనే మెత్తటి పిండి ముద్దలు, దోసకాయ ఊరగాయ. గుయాష్‌కు తెల్ల రొట్టె, పులుసులో చిపెత్కె అనే చిన్న పిండి ముక్కలు. ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు, పట్టినంత మైదా గట్టిగా కలిపి, గోరంత ముక్కలుగా గిల్లి, మరుగుతున్న పులుసులో వేస్తే కొద్ది నిమిషాల్లో ఉడుకుతాయి. రేపటికి మిగుల్చుకునే ఉద్దేశం ఉంటే మాత్రం వాటిని వేరే నీళ్లలో ఉడికించి, తినేటప్పుడే కలుపుకోండి. రాత్రంతా గిన్నెలో ఉంచితే పులుసంతా అవే పీల్చేసుకుంటాయి.